మాటకు తొమ్మిది షిల్లింగులు: ఆస్ట్రేలియా తంతి చార్జీ తగ్గిస్తే నష్టాన్ని కాలనీలు ఎందుకు పంచుకున్నాయి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను చాలా ఏళ్లుగా అడిలైడ్‌లో ఉంటున్నాను. పోయిన సెలవుల్లో పిల్లలను తీసుకుని ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్లినప్పుడు, ఊరి బయట ఉన్న పాత తంతి కేంద్రాన్ని చూశాము. మా తాతగారు తంతి తపాలా శాఖలో టెలిగ్రాఫిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. అందువల్ల ఎడారి మధ్యలో ఆ రాతి గదులను చూస్తున్నంతసేపూ ఆయనే గుర్తుకు వచ్చారు. ఇంటికి వచ్చాక ఆ తంతి మార్గం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నాకు ఒకచోట లెక్క తెగడం లేదు.

1872లో లండన్‌కు తంతి కలిసినప్పుడు 20 మాటల కబురుకు 9 పౌండ్లకు పైగా వసూలు చేశారు (అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు). అంతకన్నా తక్కువ మాటలు పంపినా 20 మాటల సొమ్ము కట్టవలసిందే. తరువాత మాటకు ఇంత అని లెక్కగట్టే పద్ధతి వచ్చినా, 1891 వరకూ ఆ చార్జీ 9 షిల్లింగుల కిందికి దిగలేదు. 1891 మే నెలలో 9 షిల్లింగుల 4 పెన్నీల చార్జీని ఒక్కసారిగా 4 షిల్లింగులకు తగ్గించారు. ఇంతవరకు అర్థమయింది. అయితే ఆ తగ్గింపు వల్ల కేబుల్ కంపెనీకి వచ్చే నష్టంలో సగాన్ని కాలనీ ప్రభుత్వాలు తమ ఖజానాల నుంచి భరిస్తామని ఒప్పుకున్నాయట. ఒక వ్యాపార సంస్థ తన ధర తగ్గించుకుంటే ప్రభుత్వం ఎందుకు డబ్బు కట్టాలి? పైగా క్వీన్స్‌లాండ్, న్యూజిలాండ్ మొదట ఈ ఒప్పందానికి దూరంగా ఉన్నాయని చదివాను. వాటి అభ్యంతరం ఏమిటి?

మరొక సందేహం కూడా ఉంది. పాత పటంలో ఈ మార్గం మద్రాసు మీదుగా వెళ్తున్నట్లు గీత ఉంది. ఆస్ట్రేలియా కబుర్లకు మద్రాసుతో ఏమి పని? తెలిసినవారు వివరంగా రాస్తే పిల్లలకు కూడా చదివి వినిపిస్తాను.

మొదటి సమాధానం

మీ తాతగారి వృత్తి గుర్తుకు రావడం వల్ల పుట్టిన ప్రశ్న కాబట్టి, తొందరపడకుండా మొదటి నుంచి రాస్తాను.

ముందుగా ఏ తీగ ఎవరిదో చూడాలి. జావా ద్వీపపు తూర్పు కొసన ఉన్న బన్యువాంగి నుంచి డార్విన్ వరకు సముద్రపు అడుగున వేసిన కేబుల్ ఒక లండన్ కంపెనీది. డార్విన్ నుంచి పోర్ట్ అగస్టా వరకు ఎడారిని చీల్చుకుంటూ సుమారు 3,200 కిలోమీటర్లు వెళ్లిన భూమి మీది తంతి మాత్రం దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వానిది. ఆ కాలనీ తంతి శాఖ అధిపతి చార్లెస్ టాడ్ ఆధ్వర్యంలో 36,000 స్తంభాలు నాటి, 1872 ఆగస్టు 22న రెండు కొసలనూ కలిపారు. అప్పటికే సముద్రంలోని కేబుల్ పాడై ఉండడం వల్ల అక్టోబరు దాకా లండన్ కబురు నేరుగా అందలేదు. ఆ మరుసటి ఏడాది, అంటే 1873లో, ఈ కేబుల్ వేసిన సంస్థను, మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కు కేబుల్ వేసిన సంస్థను, అక్కడి నుంచి చైనా వైపు వేసిన సంస్థను కలిపేసి, ఈస్టర్న్ ఎక్స్‌టెన్షన్ అనే ఒకే కంపెనీగా చేశారు. దీని వెనక ఉన్న వ్యక్తి జాన్ పెండర్. బొంబాయికి ఇవతల ఉన్న సముద్రపు తంతి ఈ కంపెనీ చేతిలో, అవతల ఎర్ర సముద్రం మీదుగా ఇంగ్లండ్ దాకా ఉన్నది దాని తోబుట్టువైన ఈస్టర్న్ కంపెనీ చేతిలో ఉండేవి. ఆ రెండింటికీ పెద్ద తలకాయ ఆయనే.

కాబట్టి ఆస్ట్రేలియాలోని వర్తకుడికి రెండో దారి లేదు. ధర ఎక్కువని మానుకుంటే, ఉత్తరం ఓడలో వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టేది. లండన్‌లో ఉన్ని ధర ఎంత పలుకుతుందో ఆ రోజే తెలిసినవాడికీ, నెలన్నర తరువాత తెలిసినవాడికీ మధ్య వ్యాపారంలో ఎంత తేడా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఎదురుగా బేరమాడవలసిన పక్షాన్ని చూడండి. అప్పటికి ఆస్ట్రేలియా ఒక దేశం కాదు, 1901 వరకు వేర్వేరు కాలనీలే. ఎవరి శాసనసభ వారిది, ఎవరి తపాలా శాఖ వారిది. దక్షిణ ఆస్ట్రేలియాకు తన ఎడారి తంతి మీద వెళ్లే ప్రతి మాటకూ రాబడి ఉంది కాబట్టి, వేరే మార్గం వస్తుందంటే ఆ ప్రభుత్వానికి గుండెల్లో రాయి పడేది. విక్టోరియాకూ న్యూ సౌత్ వేల్స్‌కూ అలాంటి రాబడి లేదు. వాటికి కావలసింది చౌక చార్జీ. క్వీన్స్‌లాండ్‌కు ఉన్నది పాత గాయం. కేబుల్ తన ఉత్తర తీరానికి వస్తుందని ఆశపడి, దానికోసం తీగలు లాగే పనిలో ఉండగా, దక్షిణ ఆస్ట్రేలియా ముందుకు వచ్చి మొత్తం ఎడారి మార్గాన్ని తన ఖర్చుతో వేస్తానని చెప్పి ఆ కేబుల్‌ను డార్విన్‌కు తిప్పుకుంది. ఇన్ని రకాల ప్రయోజనాలు ఉన్నవాళ్లు ఒక్క మాట మీద నిలబడి బేరమాడడం సాధ్యమయ్యే పని కాదు. అసలు సమస్య ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కంపెనీకి సొమ్ము కట్టడం 1891లో కొత్తగా మొదలైన అలవాటు కూడా కాదు. ఒకే కేబుల్ మీద ఆధారపడడం ప్రమాదమని, 1879లో రెండో కేబుల్ వేయించడానికి కాలనీలు ఏడాదికి 32,400 పౌండ్ల చొప్పున 20 ఏళ్లు ఇస్తామని ఒప్పుకున్నాయి. అంత ఖర్చు పెట్టిన తరువాత కూడా 1888లో సముద్రగర్భంలో కలిగిన అలజడికి జావా, డార్విన్ మధ్య ఉన్న రెండు కేబుళ్లూ ఒకేసారి తెగిపోయి, ఖండమంతా కొన్నాళ్లు ప్రపంచంతో సంబంధం లేకుండా ఉండిపోయింది. యుద్ధం ఏదైనా వచ్చిందేమోనని అక్కడివారు భయపడ్డారు. చార్జీల మీద అప్పటికే ఉన్న కోపానికి ఈ భయం కూడా తోడయింది. కంపెనీ 1889లో బ్రూమ్ వైపు మూడో కేబుల్ వేసింది గానీ, మాటకు 9 షిల్లింగుల 4 పెన్నీలు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మీ సగం నష్టం దగ్గరకు వద్దాము. తగ్గించమని కాలనీలు అడిగితే, చార్జీ తగ్గితే కబుర్లు పెరుగుతాయనే నమ్మకం మీకుంటే ఆ నష్టభయాన్ని మీరూ పంచుకోండని కంపెనీ వాదించింది. 1889 నాటి రాబడిని కొలమానంగా పెట్టుకుని, దానికన్నా తగ్గిన మొత్తంలో సగం కంపెనీ, సగం ఒప్పందంలో చేరిన కాలనీలు భరించాలని తేల్చారు. లెక్క వేసి చూడండి. 9 షిల్లింగుల 4 పెన్నీలంటే 112 పెన్నీలు, 4 షిల్లింగులంటే 48 పెన్నీలు. పాత రాబడి రావాలంటే కబుర్లు రెండింతలకు మించి, ఇంచుమించు రెండుంపావు రెట్లు కావాలి. తగ్గించిన తరువాత మాటల సంఖ్య బాగానే పెరిగింది గానీ, అది సగం వంతు పెరుగుదల, రెండుంపావు రెట్లు కాదు. లోటు అలాగే వచ్చింది, కాలనీలు కట్టాయి. 1893 నుంచి చార్జీని కొంత వెనక్కి పెంచి 5 షిల్లింగులకు కాస్త తక్కువగా నిలిపారు.

క్వీన్స్‌లాండ్, న్యూజిలాండ్ దూరంగా ఉండడానికి మూలకారణం ఇదే. గుత్తాధిపత్యం వల్ల పెరిగిన ధరను దింపడానికి ఆ గుత్తాధిపతికే సొమ్ము ముట్టజెప్పడమేమిటన్న మీ ప్రశ్నే అప్పట్లో వినిపించిన ప్రశ్న కూడా. ఈ విషయంలో వారిదే న్యాయమని నేను అనుకుంటాను. నష్టం వస్తే సగం ఇచ్చే హామీ దొరికిన కంపెనీకి ఖర్చు తగ్గించుకోవలసిన అవసరం గానీ, కొత్త గిరాకీని వెతుక్కోవలసిన ఆతురత గానీ ఎక్కడి నుంచి వస్తాయి?

ప్రశ్న అడిగినవారు

చాలా ధన్యవాదాలండీ. కాలనీలు విడివిడిగా ఉండడం ఇంత ముఖ్యమని నాకు తట్టలేదు. మరి చార్జీ చివరికి నిజంగా తగ్గింది ఎప్పుడు? కెనడా మీదుగా పసిఫిక్ కేబుల్ వచ్చిన తరువాతేనా?

రెండవ సమాధానం

పై సమాధానంలోని వివరాలతో నాకు పేచీ లేదు. చివరి పేరాలోని తీర్పుతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. కంపెనీ వైపు నుంచి కూడా కొంచెం చూడవలసి ఉంది.

సముద్రపు అడుగున కేబుల్ వేయడం అంటే, గట్టాపర్చా అనే చెట్టు పాలతో తయారైన తొడుగులో రాగి తీగను చుట్టి, దానిపై ఇనుప తీగల కవచం వేసి, వందల మైళ్ల పొడవున లోతు తెలియని నీటిలోకి దింపడం. అది ఎప్పుడు తెగుతుందో తెలియదు. తెగినప్పుడల్లా మరమ్మతు ఓడ వెళ్లి, కొక్కేలతో అడుగు నుంచి కేబుల్‌ను పైకి లాగి అతికించాలి. ఆ ఓడలను, వాటి సిబ్బందిని తెగినా తెగకపోయినా పోషించవలసిందే. ఇంత ఖర్చును అప్పటికి ముప్ఫై, నలభై లక్షల జనాభా ఉన్న కాలనీల కబుర్ల నుంచే రాబట్టుకోవాలి. 1872లో ప్రైవేటు పెట్టుబడి ముందుకు రాకపోతే ఏ కాలనీ ప్రభుత్వమూ ఆ కేబుల్ వేయగలిగేది కాదు.

ఇక్కడ ఎవరూ ప్రస్తావించని సంగతి మరొకటి ఉంది. మాటకు 9 షిల్లింగుల భారం అందరి మీదా ఒకేలా పడలేదు. పెద్ద వర్తక సంస్థల దగ్గర సంకేత నిఘంటువులు ఉండేవి. “మీరు చెప్పిన ధరకు సరుకు కొన్నాము, ఫలానా నెలలో ఓడకు ఎక్కిస్తాము” అనేంత పెద్ద వాక్యానికి ఆ పుస్తకంలో ఒకే ఒక్క మాట ఉంటుంది. ఆ ఒక్క మాటకే చార్జీ. అంతర్జాతీయ తంతి నియమాల ప్రకారం యూరపుకు బయటి కబుర్లలో ఒక మాటకు 10 అక్షరాల పరిమితి పెట్టవలసి వచ్చిందంటే, వర్తకులు ఆ మాటలను ఎంతగా సాగదీశారో ఊహించుకోవచ్చు. కాబట్టి తొమ్మిది షిల్లింగుల దెబ్బ సూటిగా తగిలింది ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన మామూలు కుటుంబాలకు. తల్లి పోయిందన్న కబురు పంపాలంటే సంకేత పుస్తకం లేని మనిషి మాటలు లెక్కపెట్టుకుని ఏడవవలసిందే.

అయితే 1891 తగ్గింపు వల్ల లాభపడింది ఎవరు? తంతిని ఎక్కువగా వాడే వర్తకులు, పత్రికలే. ఆ లోటును పూడ్చినది ఒక్క తంతి కూడా పంపని రైతు, కూలీ కట్టిన పన్ను. నా దృష్టిలో ఆ హామీలోని అన్యాయం కంపెనీకి డబ్బు ఇవ్వడంలో కన్నా ఇందులోనే ఎక్కువగా ఉంది. ప్రభుత్వాలే కలిసి వేసుకున్న పసిఫిక్ కేబుల్ కూడా తొలి ఏళ్లలో లోటుతోనే నడిచింది, ఆ లోటూ ఖజానాలే భరించాయి. యజమాని మారినా బిల్లు కట్టింది పన్ను చెల్లించేవాడే.

మూడవ సమాధానం

మద్రాసు గురించి అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు కాబట్టి నేను ప్రయత్నిస్తాను. నేను మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి కనుక, ఈ విషయం మీద నాకు అభిమానం కొంచెం ఎక్కువే.

లండన్ నుంచి బయలుదేరిన కబురు జిబ్రాల్టర్, మాల్టా, అలెగ్జాండ్రియా, సూయజ్, ఏడెన్ మీదుగా 1870లో వేసిన కేబుల్ ద్వారా బొంబాయికి చేరేది. బొంబాయి నుంచి మద్రాసు వరకు భూమి మీది తంతి. మద్రాసు తీరంలో మళ్లీ సముద్రంలోకి దిగి, 1871 మొదట్లో ప్రారంభమైన కేబుల్ మీద పెనాంగ్, సింగపూర్ చేరి, అక్కడి నుంచి జావా దాటి డార్విన్‌కు వెళ్లేది. అంటే మెల్‌బోర్న్ వర్తకుడు అడిగిన ఉన్ని ధర మన దక్కను పీఠభూమిని దాటుకునే వెళ్లేది. ఆ భూమి మీది ప్రయాణానికి భారత ప్రభుత్వానికి మాటకు ఇంత అని వాటా ఉండేది. కాలనీలు చార్జీ తగ్గించమని అడిగినప్పుడు కంపెనీతో పాటు ఈ మధ్య వాటాదారులతో కూడా మాట్లాడవలసి వచ్చేది.

అయితే నన్ను ఎక్కువగా బాధించే సంగతి వేరే ఉంది. 1891లో ఆస్ట్రేలియాకు మాటకు 4 షిల్లింగులు అయింది కదా. అదే సమయంలో లండన్ నుంచి భారతదేశానికి కూడా మాటకు 4 షిల్లింగులే. ఆస్ట్రేలియా కబురు బొంబాయి దాటి, ఇంచుమించు అంతే దూరం ఇంకా ముందుకు వెళ్లాలి. సగం దారిలో దిగిపోయే మన కబురుకూ అంతే సొమ్ము. పైగా ఈ 4 షిల్లింగుల చార్జీ ఆ తరువాత 10 ఏళ్లకు పైగా కదలలేదు. రూపాయికి 1 షిల్లింగు 4 పెన్నీలని మారకం స్థిరపడ్డాక ఆ 4 షిల్లింగులు సరిగ్గా 3 రూపాయలు. కూలీకి అణాల్లో రోజుకూలి ముట్టే కాలంలో ఒక్క మాటకు 3 రూపాయలు.

దీనికి కారణం దూరమో, సాంకేతిక ఇబ్బందో కాదు. పర్షియన్ గల్ఫ్ మీదుగా ఇంగ్లండ్‌కు వెళ్లే మరో తంతి మార్గం ఉండేది, దానిలో గల్ఫ్ భాగాన్ని నడిపేది భారత ప్రభుత్వమే. రెండు మార్గాలు ఉన్నాయి కదా, పోటీ వల్ల ధర తగ్గాలి అని మీరు అనుకుంటారు. కానీ 1878లో ఈస్టర్న్ కంపెనీ, ఆ గల్ఫ్ మార్గంలో పర్షియా నుంచి ఇంగ్లండ్ వైపు తంతిని నడిపే ఇండో యూరోపియన్ కంపెనీ, భారత ప్రభుత్వపు తంతి విభాగం ముగ్గురూ కలిసి తమ రాబడినంతా ఒకే సంచిలో వేసి పంచుకునే ఒప్పందం చేసుకున్నారు. దానితో ఏ మార్గంలో కబురు వెళ్లినా ఎవరి వాటా వారికి వచ్చేది. పాలించే ప్రభుత్వమే గుత్తాధిపత్యంలో భాగస్వామి అయినప్పుడు చార్జీ తగ్గించమని ఎవరు ఎవరిని అడగాలి? ఆస్ట్రేలియా కాలనీలకు, ఎంత కొట్లాడుకున్నా, ఎన్నికైన శాసనసభలు ఉన్నాయి. ఓటర్లకు జవాబు చెప్పుకోవలసిన మంత్రులు ఉన్నారు. వారికి కోపం వస్తే దాన్ని వినిపించే వేదిక ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని వర్తకుడికి అది లేదు. లార్డ్ కర్జన్ వైస్రాయిగా ఉన్న కాలంలో, 1902లో గానీ 2 షిల్లింగుల 6 పెన్నీలకు, అంటే రూపాయి పద్నాలుగు అణాలకు, తగ్గలేదు. 1905లో 2 షిల్లింగులు, అంటే రూపాయిన్నర అయింది.

రెండవ సమాధానం రాసినవారు పన్ను కట్టే రైతు సంగతి చెప్పారు. భారతదేశంలో ఆ రైతుకు ఏ లోటు పూడ్చాలో, ఏ చార్జీ ఉంచాలో చెప్పే హక్కు కూడా లేదు.

మొదటి సమాధానం రాసినవారు

మూడవ సమాధానం చదివాక నాకే కొత్త సంగతులు తెలిశాయి. ఆ 4 షిల్లింగుల పోలికను నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. రెండవ సమాధానంలోని పన్ను వాదం కూడా బలమైనదే, ఒప్పుకుంటాను. అయినా యజమాని మారితే తేడా లేదన్న మాటను అలాగే వదిలేయలేను. దానికి మిగిలిన కథ చెప్పాలి. ప్రశ్న అడిగినవారి రెండో సందేహానికి జవాబు కూడా అందులోనే ఉంది.

కెనడా రైల్వే ఇంజనీరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్, వాంకూవర్ దీవి నుంచి పసిఫిక్ మీదుగా ప్రభుత్వాల సొంత కేబుల్ వేయాలని 1879 నుంచీ పట్టువదలకుండా ప్రచారం చేశారు. 1887 లండన్ కాలనీల సభలో, 1894 ఒట్టావా సభలో ఈ విషయమే చర్చకు వచ్చింది. అది జరిగే పని కాదని, ఖర్చు మితిమీరుతుందని పెండర్ పక్షం వాదిస్తూ వచ్చింది. 1896లో ఆయన మరణించారు. ఆ తరువాత పసిఫిక్ కేబుల్ తప్పదని తేలిపోగానే కంపెనీ ధోరణి ఎంత త్వరగా మారిందో చూడండి. దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్ నుంచి మారిషస్, కోకోస్ దీవుల మీదుగా పెర్త్‌కు కేబుల్ వేస్తామని, ఏ ప్రభుత్వమూ పైసా ఇవ్వనక్కరలేదని, చార్జీని 1900లోనే 4 షిల్లింగులకు దించి, రాబడి పెరిగిన కొద్దీ 2 షిల్లింగుల 6 పెన్నీల దాకా తగ్గిస్తామని ముందుకు వచ్చింది. ఇరవై ఏళ్లు అడిగినా, సగం నష్టం మేము భరిస్తామని చెప్పినా నిలకడగా దొరకని తగ్గింపు, పోటీ నీడ పడగానే దొరికింది.

బదులుగా ఆ కంపెనీ అడిగింది ఒక్కటే. కాలనీల తపాలా శాఖల ప్రమేయం లేకుండా పట్టణాల్లో తన సొంత కార్యాలయాలు తెరిచి, ప్రజల దగ్గర నేరుగా కబుర్లు తీసుకునే హక్కు. దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా, టాస్మానియా ఒప్పుకున్నాయి. విక్టోరియా ఒప్పుకోలేదు. న్యూ సౌత్ వేల్స్ 1901 జనవరిలో, తంతి తపాలా శాఖలు 1901 మార్చి 1న, కాలనీలన్నీ కలిసి ఏర్పడిన ఆస్ట్రేలియా కొత్త కామన్వెల్త్ (సమాఖ్య) ప్రభుత్వం చేతికి వెళ్లిపోవడానికి కొద్ది వారాల ముందు, కాలపరిమితి కూడా లేకుండా ఆ హక్కును ఇచ్చేసింది. పసిఫిక్ కేబుల్‌లో తానే భాగస్వామి అయి ఉండి, దాని గిరాకీని దాని ప్రత్యర్థికి అప్పగించిందని కెనడాకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే.

పసిఫిక్ కేబుల్‌కు సుమారు 20 లక్షల పౌండ్లు ఖర్చయింది. వాంకూవర్ దీవిలోని బామ్‌ఫీల్డ్ నుంచి ఫానింగ్ దీవి వరకు ఒకే ముక్కగా 3,458 నాటికల్ మైళ్లు, అక్కడి నుంచి ఫిజీ, నార్ఫోక్ దీవి, ఆ తరువాత ఒక కొమ్మ క్వీన్స్‌లాండ్‌కు, మరో కొమ్మ న్యూజిలాండ్‌కు వెళ్లాయి. 1902 అక్టోబరు 31న పూర్తయింది, డిసెంబరు 8న ప్రజలకు తెరిచారు. ఆ ఏడాదికి ఆస్ట్రేలియా చార్జీ రెండు మార్గాల్లోనూ మాటకు 3 షిల్లింగులు. రెండవ సమాధానం రాసినవారు చెప్పిన లోటు నిజమే, దాన్ని 18 వాటాలుగా చేసి, బ్రిటన్ 5, కెనడా 5, ఆస్ట్రేలియా 6, న్యూజిలాండ్ 2 చొప్పున పంచుకున్నాయి. అయితే 1891లో కట్టిన సొమ్ముకు కాలనీల చేతిలో ఏమీ మిగలలేదు. 1902లో కట్టిన సొమ్ముకు ఒక కేబుల్, దాని మీద లెక్కలు చూసే అధికారం, చార్జీ నిర్ణయించే బోర్డులో కుర్చీలు మిగిలాయి.

పిల్లలకు చదివి వినిపిస్తామన్నారు కాబట్టి ఒక చిన్న సంగతి. పసిఫిక్ కేబుల్ పూర్తయిన రోజున ఫ్లెమింగ్ ఒట్టావా నుంచి రెండు కబుర్లు పంపారు, ఒకటి తూర్పు వైపు, మరొకటి పడమర వైపు. రెండూ భూగోళాన్ని చుట్టి మళ్లీ ఒట్టావాకే చేరాయి. ఒక పటం, దారం తీసుకుని పిల్లల చేత ఆ దారిని గుర్తు పెట్టించండి.